తాబేళ్ల తీరంలో చట్టానికి లోబడి వేట చేయడం ఎలా: గంజాం తెలుగు మత్స్యకారుల కోసం

ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలోని గంజాం జిల్లాలో, బాహుదా నది సముద్రంలో కలిసే చోటు నుంచి సోనాపూర్, గోపాలపూర్, ఆర్జిపల్లి మీదుగా రుషికుల్య నది ముఖం వరకు ఉన్న తీరంలో, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకునే వేట కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పూరీలోని పెంటకోటలోనూ అంతే, పారాదీప్ రేవులో మర పడవల మీద కలాసీలుగా పనికి వెళ్లే మనవాళ్లలోనూ అంతే. తాబేళ్ల రక్షణ కోసం ఇచ్చే వేట నిషేధ ఉత్తర్వులు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. వాటిని అర్థం చేసుకోలేదన్న సాకు గస్తీ పడవ మీద ఉన్నవాళ్ల దగ్గర గాని, తరువాత కోర్టులో గాని చెల్లదు. అందుకే ఈ తీరంలో వ్యాపారంగా వేట చేసేవారు ఏ నీళ్లలో, ఏ నెలల్లో, ఏ పడవతో, ఏ వలతో వెళ్లవచ్చో ముందుగా చూసుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా: మీరు వెళ్లే నీళ్లు ఏ చట్టం కిందికి వస్తాయో తేల్చుకోండి

రేవులో అందరూ "శాంక్చురీ" అనే ఒక్క మాటతో అన్నిటినీ కలిపేస్తారు గాని, ఒడిశా తీరంలో రెండు వేర్వేరు రకాల రక్షణ ఉంది. రెండిటి శిక్షలూ వేరు, అధికారులూ వేరు.

మొదటిది గహిర్‌మఠా. కేంద్రాపడా జిల్లాలో, ధామ్రా ముఖానికి దక్షిణంగా ఉన్న ఈ సముద్ర ప్రాంతాన్ని 1997 సెప్టెంబరు 27న వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 1,435 చదరపు కిలోమీటర్లు, తీరం నుంచి సుమారు 20 కిలోమీటర్ల లోపలికి వ్యాపిస్తుంది. ఇక్కడ ట్రాలర్లకు, మర పడవలకు ఏ నెలలోనూ వేట లేదు. అభయారణ్యం పర్యవేక్షణ రాజ్‌నగర్‌లోని మడ అడవుల అటవీ విభాగానిది. పారాదీప్ నుంచి ఉత్తరానికి బయలుదేరిన పడవ కాస్త ఏమరుపాటుగా నడిచినా ఈ హద్దులోకి చేరిపోతుంది కాబట్టి, అక్కడ పనిచేసే మన కలాసీలు దీన్ని ముందు తెలుసుకోవాలి.

రెండవది మన గుమ్మం ముందున్న రుషికుల్య. ఇది అభయారణ్యం కాదు. ఇక్కడ సామూహికంగా తాబేళ్లు గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. గహిర్‌మఠా సంగతి అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1974లో వెలుగులోకి వచ్చింది. రుషికుల్యకు, పూరీ అవతలి దేవి నది ముఖానికి, ధామ్రాకు రక్షణ ప్రధానంగా 1982 నాటి ఒడిశా సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం ద్వారా అందుతుంది. ఆ చట్టం కింద ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఈ మూడు ముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల వేటను నిషేధిస్తూ ఉత్తర్వు ఇస్తారు. గీత దాటిన పడవను మత్స్య శాఖ పట్టుకుంటే విచారణ ఆ శాఖ చట్టం ప్రకారం నడుస్తుంది. అయితే రుషికుల్య అభయారణ్యం కాదు గదా అని ధీమా పడకండి. మీ వలలో చచ్చిన తాబేలు దొరికితే వ్యవహారం అక్కడితో ఆగక వన్యప్రాణి చట్టంలోకి పోతుంది, ఎందుకంటే ఇక్కడికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు ఎక్కడ ఉన్నా ఆ చట్టంలో అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువే.

చిలికాలో వేసే వలలకు లెక్క వేరు. సరస్సు మధ్యలోని నలబణ పక్షుల అభయారణ్యంలో, అంటే 15.53 చదరపు కిలోమీటర్ల మేర, వేట పనికిరాదు. చిలికాకు సంబంధించి ఇంతకు మించి ఈ వ్యాసంలో చెప్పడం లేదు.

రెండవ పని: మీ పడవ ఏ తరగతిదో కాగితం మీద చూసుకోండి

ఒడిశా నిబంధనల్లో తీరం నుంచి 5 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లు సంప్రదాయ పడవలకు కేటాయించినవి. 15 మీటర్ల లోపు పొడవున్న మర పడవలు ఆ 5 కిలోమీటర్ల అవతల, అంతకు మించిన పెద్ద పడవలు 10 కిలోమీటర్ల అవతల వేట చేయాలి. బాహుదా దాటి ఆంధ్రా నీళ్లలోకి వెళితే సంప్రదాయ పడవల హద్దు 8 కిలోమీటర్లవుతుంది. డొంకూరు వైపు పడవలు సోనాపూర్ ఎదుట, సోనాపూర్ పడవలు డొంకూరు ఎదుట వల వేయడం పాత అలవాటే. చేపలకు రాష్ట్రాల హద్దు తెలియదు, మన తాతలకు తెలియనక్కర లేకపోయింది. ఇప్పుడు మాత్రం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన పడవ మరో రాష్ట్రపు నీళ్లలో వేట చేయాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి. బంధువుల ఊరి ఎదురుగా ఉన్న సముద్రమన్నది లైసెన్సుకు బదులు కాదు.

తెప్పకు, నాటు నావకు చిక్కు తక్కువ, ట్రాలరుకు అనుమానమే లేదు. గొడవంతా ఈ రెండిటి మధ్యనున్న ఫైబర్ బోటు దగ్గర వస్తుంది. వెనుక విప్పి తీయగల ఇంజను తగిలించిన బోటును "మోటారు బిగించిన" పడవగా, లోపల ఇంజను స్థిరంగా అమర్చి, ఆ ఇంజను శక్తితోనే వల లాగే పడవను "మర పడవ"గా లెక్కిస్తారని స్థూలంగా చెప్పుకోవచ్చు. మీ రిజిస్ట్రేషను పత్రంలో మీ బోటు ఎదురుగా ఏ తరగతి రాసి ఉందో అదే చెల్లుతుంది. ఆ పత్రం రాయించిన రోజున 9 హార్స్ పవర్ ఇంజను ఉండి, తరువాత మీరు పెద్దది బిగించి ఉంటే, ఆ మార్పు రియల్‌క్రాఫ్ట్ అనే రిజిస్ట్రేషను పోర్టల్‌లో నమోదైందో లేదో చూసుకోండి. తనిఖీలో ఇంజను నంబరు పత్రంతో కలవకపోతే, మీరు హద్దుకు బయట ఉన్నా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

తరగతి తేలాక, ఆ సంవత్సరపు ఉత్తర్వు ప్రతిని సముద్ర మత్స్య శాఖ కార్యాలయం నుంచి అక్టోబరు నెలలోనే తెచ్చుకోండి. దండోరా విని ఊరుకోవద్దు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను నమ్మవద్దు, ఎందుకంటే పోయిన ఏటి ఉత్తర్వు ఈ ఏడాదిదిగా తిరగడం నేను చూశాను. ఇంట్లో ఒడియా బడిలో చదివే పిల్లలుంటే వారిచేత మూడు విషయాలు చదివించుకోండి: ఏ తరగతి పడవలకు నిషేధం, ఏ రకం వలలకు నిషేధం, హద్దు ఏ ఊరి నుంచి ఏ ఊరి వరకు, ఏ అక్షాంశ రేఖాంశాల మధ్య ఉంది. మీ బోటు తరగతి పేరు ఉత్తర్వులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

మూడవ పని: రెండు నిషేధాలను ఒకే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి

తాబేళ్ల నిషేధం ఒకటి, చేపల సంతానోత్పత్తి నిషేధం మరొకటి. రెండవది తూర్పు తీరమంతటికీ ఒకటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఇంజను లేని సంప్రదాయ పడవలకు దీని నుంచి మినహాయింపు ఉంది. మొదటిది నవంబరు 1న మొదలై మే 31న ముగుస్తుంది. చాలామంది మే 31 రాగానే రుషికుల్య దగ్గర దారి తెరుచుకుందనుకుంటారు. జూన్ మొదటి రెండు వారాలు రెండవ నిషేధం ఇంకా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ 20 కిలోమీటర్ల నీళ్లలో మర పడవకు ఏడాదిలో మిగిలేది జూన్ 15 నుంచి అక్టోబరు 31 వరకు, లెక్క వేస్తే 139 రోజులు. ఆ రోజుల్లోనూ తీరం పక్కనున్న 5 కిలోమీటర్లను వదలాలి. వానాకాలంలో, గాలి ఎక్కువగా ఉండే రోజులే ఇవన్నది మన దురదృష్టం.

ఏడు నెలలు ఎందుకని అడిగేవారికి: తాబేళ్లు నవంబరు నుంచే జతకట్టడానికి తీరం దగ్గరికి చేరుతాయి, ఫిబ్రవరి మార్చి నెలల్లో ఇసుక మీదికి వచ్చి ఒక్కొక్కటి నూరుకు పైగా గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు 45 నుంచి 60 రోజులకు పొదుగుతాయి. 2023లోనూ, 2025లోనూ రుషికుల్య దగ్గర ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టినట్లు అటవీ శాఖ లెక్క కట్టింది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఆ వారంలో పెద్దవల లాగేవారికి అది వేరే చెప్పనక్కర లేదు, వలకు చేపల కంటే తాబేళ్లే ఎక్కువ తగులుతాయి.

నాలుగవ పని: గీతను మీ జీపీఎస్‌లోకి ఎక్కించండి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు, అందులో దురుద్దేశంతో గీత దాటినవారి కంటే కొలత తప్పినవారే ఎక్కువని నా అభిప్రాయం.

మొదటి తప్పు కొలమానం. చట్టం కిలోమీటర్లలో మాట్లాడుతుంది, జీపీఎస్ తెర సాధారణంగా నాటికల్ మైళ్లు చూపుతుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అంటే 5 కిలోమీటర్లు 2.7 మైళ్లు, 10 కిలోమీటర్లు 5.4 మైళ్లు, 20 కిలోమీటర్లు 10.8 మైళ్లు. ఈ మూడు అంకెలను చెరగని రంగుతో సరంగు కూర్చునే చోట, తెర పక్కనే చెక్క మీద రాయించండి. మీ పరికరాన్ని కిలోమీటర్లలోకి మార్చుకున్నా సరే, కానీ అదే బోటులో రాత్రి ఒకరు, పగలు ఒకరు నడిపేటప్పుడు ఒకరు మార్చింది రెండవవారికి చెప్పకపోతే ప్రమాదం రెట్టింపవుతుంది.

రెండవ తప్పు ఎక్కడ నుంచి కొలుస్తున్నామన్నది. 20 కిలోమీటర్లు అంటే మీరు బయలుదేరిన రేవు నుంచి కాదు, మీరున్న చోటికి అతి దగ్గరగా ఉన్న ఒడ్డు నుంచి. గోపాలపూర్‌లో రేవును గుర్తు పెట్టుకొని ఈశాన్యానికి ఏటవాలుగా నడిచిన పడవకు తెర మీద 25 కిలోమీటర్లు కనిపించవచ్చు, అదే క్షణంలో రుషికుల్య ఒడ్డు నుంచి అది 12 కిలోమీటర్లే ఉండవచ్చు. రేవు గుర్తును హద్దు కొలవడానికి వాడకండి.

మూడవది అంకెలు ఎక్కించే తీరు. ఉత్తర్వులో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా రాస్తారు. పరికరం డిగ్రీలు, దశాంశ నిమిషాలను అడగవచ్చు, లేదా మొత్తం దశాంశ డిగ్రీలనే అడగవచ్చు. ఉదాహరణకు 19 డిగ్రీల 22 నిమిషాల 30 సెకన్లను దశాంశ నిమిషాల్లో 19 డిగ్రీల 22.5 నిమిషాలుగా, దశాంశ డిగ్రీల్లో 19.375గా ఎక్కించాలి. దాన్ని చూసినట్టే 19.2230 అని కొట్టేస్తే మీ గీత దాదాపు 17 కిలోమీటర్లు దక్షిణానికి జారిపోతుంది. తెర మాత్రం అంతా సవ్యంగానే ఉన్నట్టు చూపిస్తుంది.

సరిగా చేయాలంటే ఉత్తర్వులోని మూల బిందువులను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గుర్తులుగా ఎక్కించి, వాటిని కలుపుతూ ఒక మార్గంగా దాచుకోండి. తెర మీద అప్పుడు గీత కనిపిస్తుంది. ఆ గీతకు బయట మరో రెండు మైళ్ల దూరంలో మీ సొంత గీత ఒకటి గీసుకోండి, దాన్నే హద్దుగా పాటించండి. రేవు వదిలేలోగా, పక్క బోటు పరికరంలోని గీతతో పోల్చి చూడండి. పడవ ఎక్కడుందో తెలిపే, ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండరును ప్రభుత్వ పథకం కింద మీ బోటుకు ఇచ్చి ఉంటే దాన్ని ఆపివేయకండి. మీరెక్కడున్నారో పైవాళ్లకు తెలియడం భయమనిపించవచ్చు గాని, మీరు గీతకు బయట ఉన్నారని చెప్పే సాక్షి కూడా అదే.

రెండు మైళ్లు ఎందుకంటారా? మా మామయ్యకు ఒక గిల్ వల మర పడవలో వాటా ఉండేది. ఒక ఫిబ్రవరి రాత్రి హద్దుకు దక్షిణంగా, ఒక మైలు కూడా ఎడం లేకుండా వల వదిలి, కలాసీలంతా పడుకున్నారు. ఈ తీరంలో ఫిబ్రవరి నుంచి ప్రవాహం ఒడ్డు వెంబడి ఈశాన్యానికి తిరుగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతికి పోతుంది. గంటకు ఒక మైలు వేగంతో లాగినా, ఆరు గంటల్లో వల, దానికి కట్టిన పడవ పదకొండు కిలోమీటర్లు జరిగిపోతాయి. తెల్లవారి గస్తీ పడవ వచ్చేసరికి వాళ్లు గీతకు బాగా లోపల ఉన్నారు. నాలుగు తాబేళ్లు వలలో ఉన్నాయి, ఒకటి చచ్చిపోయింది. "నీటికెవుడు గట్టేసినాడ్రా?" అని మామయ్య ఇప్పటికీ వాదిస్తాడు. ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు గాని, వల తనంతట తాను వెళ్లిందన్నది తప్పును తగ్గించలేదు. ఫిబ్రవరి నుంచి హద్దుకు దక్షిణాన, నవంబరు డిసెంబరుల్లో హద్దుకు ఉత్తరాన వల వదిలేటప్పుడు నీటి వాటం మిమ్మల్ని గీత వైపే తోస్తుందని గుర్తుంచుకొని, అంత ఎడం ఎక్కువ ఉంచుకోండి, రాత్రి ఒకరిని మేలుకొని ఉండేలా చూడండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ ఇచ్చే సముద్ర స్థితి సమాచారంలో ప్రవాహాల దిశ, వేగం కూడా ఉంటాయి, దాన్ని చూసి బయలుదేరడం మంచిది.

ఐదవ పని: వలను సరిచూసుకోండి

ట్రాల్ వల లాగే పడవకు టెడ్, అంటే వలలో పడిన తాబేలు బయటికి పోయేలా దారి ఇచ్చే చట్రం, తప్పనిసరి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన తీరానికి తగినట్టు చేసిన నమూనాలో కోలగా వంచిన స్టీలు చట్రం ఒక మీటరు పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, దానికి నిలువుగా కమ్మీలు, కమ్మీకి కమ్మీకి మధ్య 142 మిల్లీమీటర్ల ఎడం ఉంటాయి. దీన్ని వల సంచికి ముందు ఏటవాలుగా కుడతారు. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి, పైకి జారి, అక్కడున్న వల మూతను తోసుకొని బయటికి పోతుంది. తాబేలు ఊపిరి పీల్చే జంతువు, నీటి అడుగున వలలో ఇరుక్కుంటే గంట లోపలే ప్రాణం పోవచ్చు కాబట్టి, వల పైకి లాగాక చూసి వదిలేద్దామన్న ఆలోచన పనిచేయదు.

చట్రం పడవలో ఉంటే చాలు, తనిఖీకి చూపించవచ్చని కొందరు దాన్ని ఒక మూల పడేసి ఉంచుతారు. మరికొందరు బిగిస్తారు గాని చేపలు పోతాయని పై మూతను కుట్టేస్తారు. కుట్టేసిన మూత ఉన్న టెడ్ లేనిదానితో సమానం, తనిఖీ చేసేవాళ్లకు ఈ చమత్కారం పాతదే. టెడ్ వాడకం సరిగా లేదన్న కారణంతో 2019 నుంచి మన దేశపు సముద్ర రొయ్యలను అమెరికా కొనడం ఆపేసింది. మార్కెట్లో ధర పడిపోయిందని వాపోయేవారు తమ వల మూత కూడా ఒకసారి చూసుకోవాలి.

రెండు పడవలు జతగా లాగే వల, బలమైన ఎల్‌ఈడీ దీపాలతో చేసే వేట తాబేళ్ల హద్దుతో సంబంధం లేకుండానే నిషిద్ధం, కేంద్రం 2017 నవంబరులోనే వీటిని ఆపింది.

ఏ నీళ్లలో పట్టినా ఒడ్డుకు తేకూడనివి కొన్ని ఉన్నాయి. తాబేళ్లు, డాల్ఫిన్లు సరే, తిమింగల సొర, రంపం ముక్కు ఉన్న చేప, సముద్ర గుర్రం, సముద్ర దోసకాయ, పగడపు ముక్క ఏదీ దగ్గర ఉంచుకోవద్దు. ఎండబెట్టినదైనా, పక్కవాడు ఇచ్చినదైనా, దగ్గర దొరకడమే నేరం. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా.

తాబేలు వలలో పడితే

చట్టబద్ధమైన నీళ్లలో, చట్టబద్ధమైన వలలోనూ తాబేలు పడుతుంది. భయపడి వలను కోసి తాబేలుతో సహా సముద్రంలో వదిలేయడం అన్నిటికంటే చెడ్డపని, ఆ ముక్కతో అది తప్పకుండా చస్తుంది.

ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి, వలను మెల్లగా దగ్గరికి తీసుకోండి. ఈత రెక్కలు పట్టి లాగకండి, అవి కీలు దగ్గర విరుగుతాయి. ఇద్దరు చేరి, ఒకరు మెడ వెనుక డిప్ప అంచును, మరొకరు తోక వైపు అంచును పట్టి పైకి తీయండి. ముందువాడు తన వేళ్లను నోటికి దూరంగా ఉంచుకోవాలి. వల దారాలను కత్తితో కాకుండా కత్తెరతో తెంపండి. అది కదులుతూ ఉంటే వెంటనే, చుట్టూ వల లేని వైపు నుంచి, తల ముందుగా నీటిలోకి జార్చండి.

కదలకపోతే చచ్చిపోయిందని అనుకోకండి. నీళ్లు మింగి స్పృహ తప్పిన తాబేలు గంటల తరువాత కూడా తేరుకుంటుంది. దాన్ని బోర్లా, అంటే పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనుక భాగం కింద తాడు చుట్టో టైరు ముక్కో పెట్టి జానెడు ఎత్తు లేపండి, ఊపిరితిత్తుల్లోని నీరు నోటి గుండా కారిపోతుంది. వెల్లకిలా తిప్పి పొట్ట మీద నొక్కే అలవాటు కొందరికి ఉంది, అది ప్రాణం తీస్తుంది. తడి గోనె కప్పి నీడలో ఉంచండి, ముక్కు రంధ్రాలను మాత్రం కప్పకండి. అప్పుడప్పుడు కంటి రెప్పను మెల్లగా తాకి చూడండి, ముడుచుకుంటే ప్రాణం ఉన్నట్టే. కనీసం నాలుగు గంటలు, అవసరమైతే ఒక రోజంతా అలా ఉంచి, తేరుకున్నాక వదలండి. ఇదంతా ఏ చోట, ఎన్ని గంటలకు జరిగిందో జీపీఎస్ తెరతో సహా ఫొటో తీసి ఉంచుకోండి. ఈ లోపు గస్తీవారు వచ్చి డెక్కు మీద తాబేలును చూస్తే, మీరు దాన్ని దాచలేదు, బతికిస్తున్నారని చెప్పేది ఆ ఫొటోయే.

హద్దు గుండా దాటిపోవలసి వస్తే

పారాదీప్ నుంచి ధామ్రాకు వెళ్లేవారికి ఈ అవసరం వస్తుంది. అభయారణ్యంగా ప్రకటించినంత మాత్రాన ప్రాదేశిక జలాల్లో పడవలు నిరపాయంగా దాటిపోయే హక్కు పోదని వన్యప్రాణి చట్టమే 26ఎ సెక్షనులో చెబుతుంది. దాటిపోవడమంటే ఆగకుండా, నేరుగా పోవడం. వలలన్నీ డెక్కు మీదికి లాగి కట్టి ఉండాలి, ట్రాల్ చెక్కలు లోపల ఉండాలి, వేగం మారకుండా ఉండాలి, రాత్రి దీపాలు వెలుగుతూ ఉండాలి. ఇంజను చెడితే లంగరు వేసి, వీహెచ్ఎఫ్ 16వ ఛానల్‌లో గాని, 1554 నంబరుకు ఫోను చేసి కోస్టు గార్డుకు గాని వెంటనే చెప్పండి. చెప్పకుండా ఆగిన పడవ వల వేయడానికే ఆగినట్టు కనిపిస్తుంది. నవంబరు నుంచి మే వరకు కోస్టు గార్డు ఆపరేషన్ ఒలివియా పేరుతో ఏటా ఈ తీరమంతా గస్తీ తిరుగుతుంది, విమానాలు కూడా చూస్తాయి.

అదే సెక్షనులో, అభయారణ్యంలో సముద్రాన్ని కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకోవాలని కూడా ఉంది. మీ సహకార సంఘం కలెక్టరుకు అర్జీ రాసేటప్పుడు ఈ వాక్యాన్ని ఉదహరించవచ్చు. రేవులో ఇది వినిపించడం అరుదు.

పట్టుబడితే

పారిపోకండి. వలను తెంపి సముద్రంలో పడేయకండి. ముందు జీపీఎస్ తెరను, గడియారాన్ని, డెక్కును ఫొటో తీయండి. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా, కలాసీల గుర్తింపు కార్డులు నీరు తగలని ఒకే సంచిలో ఉంటే ఆ క్షణంలో వెతుకులాట ఉండదు.

జప్తు చేస్తే జాబితా ప్రతి అడగండి: పడవ, ఇంజను నంబరు, వలలు, చేప ఏ రకం ఎన్ని కిలోలు, పట్టుకున్న చోటి అక్షాంశ రేఖాంశాలు. చేప పాడవుతుంది కాబట్టి వేలం వేస్తారు, ఎంతకు పోయిందో కాగితం మీద రాయించుకోండి. చందువా, కోనాం ఉన్న పడవకు "మిశ్రమ చేప" అని ఒక్క ముక్క రాసి ఉంటే తరువాత ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. ఒడియాలో ఉన్న కాగితం మీద చదివి వినిపించకుండా సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి.

ఏ చట్టం కింద పట్టుకున్నారో అడిగి తెలుసుకోండి. మత్స్య శాఖ చట్టమైతే ఆ శాఖ అధికారి ముందు విచారణ జరుగుతుంది. వన్యప్రాణి చట్టమైతే మిమ్మల్ని మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లాలి. అక్కడికక్కడ రసీదు లేకుండా డబ్బు ఇచ్చి బయటపడవచ్చని ఎవరైనా అంటే, ఆ డబ్బు ఏ కేసునూ ముగించదు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను 15100 నంబరులో అడగవచ్చు.

వేట ఆగిన నెలల భృతి

తాబేళ్ల నిషేధం వల్ల పని పోయే ఒడిశా మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సహాయం మొదట 7,500 రూపాయలు ఉండేది, తరువాత 15,000 చేశారు. ఏడు నెలలకు అది ఎంత మాత్రమో లెక్క మీరే వేసుకోగలరు. దీనికి తోడు, కేంద్ర పథకంలో మత్స్యకారుడు 1,500 రూపాయలు దాచుకుంటే ప్రభుత్వాలు 3,000 కలిపి, వేట లేని మూడు నెలలకు 4,500 ఇస్తాయి. రెండిటికీ మీ పేరు సహకార సంఘం జాబితాలో, గుర్తింపు కార్డులో, బ్యాంకు ఖాతాలో ఒకే తీరుగా ఉండాలి. తెలుగు పేరును ఒడియాలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేసరికి "అప్పన్న" కాస్తా "ఆపన"గా మారి డబ్బు వెనక్కి పోయిన సందర్భాలు మా వాడలోనే ఉన్నాయి. ఇచ్ఛాపురం వైపు కూడా ఓటు, కార్డు ఉన్న కుటుంబాలు ఏదో ఒక రాష్ట్రాన్నే ఎంచుకోవాలి, రెండు వైపులా భృతి తీసుకున్నట్టు తేలితే రెండు వైపులా పేరు పోతుంది. జాబితాలో పేరు అక్షరాలు సరిచేయించుకోవడానికి సెప్టెంబరులోనే సంఘం కార్యదర్శిని కలవండి, నవంబరు వచ్చాక ఆయన దగ్గర వరుస పొడుగ్గా ఉంటుంది.